మూడు వందల పన్నెండు పోస్టులు

మా ఆవిడ పనిచేసే ఆస్పత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి మెట్లు తుడిచే ఆమె దాకా అందరికీ ఆమె గ్రాములమ్మే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఇరవై ఎనిమిదేళ్లుగా నర్సు. అరచేతిలో పట్టేంత పిల్లల్ని పొద్దున్నే తూచి, నిన్నటికన్నా పది గ్రాములు పెరిగితే ఆ తల్లి మంచం దగ్గరికి పరుగున వెళ్లి చెబుతుంది. పెరగకపోతే నడుచుకుంటూ వెళ్లి చెబుతుంది. తల్లులు ఆమె నడక చూసే సంగతి పసిగట్టేస్తారట.

నేను సిటీ బస్సు నడుపుతాను. నాకు టన్నుల లెక్క, ఆమెకు గ్రాముల లెక్క. అయినా ముప్పై ఏళ్లుగా కాపురం సాఫీగానే సాగుతోంది.

పదకొండేళ్ల కిందట ఆమెకో దిగులు పట్టుకుంది. వార్డులో ఉన్నన్నాళ్లూ పిల్లకు మిషన్లు కాపలా, నర్సులు కాపలా. డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లాక తల్లి ఒక్కతే. పాప తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. వార్డుకు ఫోన్ చేస్తే ఎత్తడానికి ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. అందుకని మా ఆవిడ తల్లులు అడిగే ప్రశ్నల్ని, తాను చెప్పే జవాబుల్ని పొడుగాటి నోటుబుక్కుల్లో రాయడం మొదలుపెట్టింది. రాసిన ప్రతిదీ పెద్ద డాక్టరుకు చూపించి, ఆయన సరే అన్నాకే పక్కన టిక్కు పెట్టించుకునేది. ఎవరైనా తల్లి అడిగితే ఆ పేజీ జిరాక్సు తీసి ఇచ్చేది.

ఒక ఆదివారం మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, భోజనానికి వచ్చి ఆ నోటుబుక్కులు చూశాడు. అతను ఒక ప్రింటింగు ప్రెస్సులో కంప్యూటర్లు చూసుకుంటాడు. తనకు తెలియనిదంటూ లేనట్టు మాట్లాడతాడు. చిత్రమేంటంటే అందులో సగం నిజంగానే తెలుసు.

"వదినా, ఈ జిరాక్సుల గోలేంటి? నీకో బ్లాగు పెట్టేస్తాను. ప్రపంచంలో ఏ మూల తల్లి అయినా చదువుకుంటుంది" అన్నాడు.

చేతులు కడుక్కుని మా పాత కంప్యూటరు ముందు కూర్చుని సాయంత్రానికల్లా పెట్టేశాడు కూడా. దానికి గ్రాములమ్మ అనే పేరు పెట్టాడు. మా ఆవిడకు ఒక్క వేలితో టైపు చేస్తూ మొదటి పోస్టు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. తర్వాత రెండు వేళ్లయ్యాయి. పదకొండేళ్లు తిరిగేసరికి మూడు వందల పన్నెండు పోస్టులయ్యాయి. పాలు తాగుతూ నిద్రపోయే పిల్లను ఎలా లేపాలి, గుండెలకు హత్తుకుని ఎంతసేపు కూర్చోవచ్చు, ఏడుపులో ఆకలి ఏది, నొప్పి ఏది, ఏ లక్షణం కనిపిస్తే ఇంక ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి, ఇవన్నీ. మందుల మాట మాత్రం ఎక్కడా రాయలేదు. అది డాక్టరు పని, మనం వేలు పెట్టకూడదు అనేది.

ఒకసారి నా బస్సులో ముందు సీట్లో ఒక అమ్మాయి చిన్న మూట లాంటి పాపను పట్టుకుని కూర్చుంది. పక్కన ఆ అమ్మాయి తల్లి కాబోలు, ఫోన్లో చూస్తూ పైకి చదువుతోంది: "భయపడకు తల్లీ, వాడు నీకన్నా గట్టివాడు." అది మా ఆవిడ వాక్యం. ఎర్ర లైటు దగ్గర బస్సాపి నేనెవరో చెబుదామా అనుకున్నాను. ఈలోగా లైటు మారిపోయింది. ఆ రోజు డ్యూటీ అంతా స్టీరింగు పూలదండలా తేలిగ్గా తిరిగింది నా చేతుల్లో.

అలాంటి బ్లాగుకు కష్టం వచ్చింది ఈ ఏడాది మొదట్లో.

ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. మా ఆవిడకు ఫోన్ వచ్చింది. మూడు వారాల కిందట పాపను ఇంటికి తీసుకెళ్లిన ఒక తల్లి. వార్డులో వాళ్లను అడిగి నంబరు పట్టుకుందట.

"అమ్మా, మీరు రాసిన ఆ బరువు పెరిగే చుక్కలు ఏ షాపులోనూ దొరకట్లేదు. మీరిచ్చిన లింకులోనే తెప్పించుకోవాలా?" అంది.

"ఏ చుక్కలు తల్లీ?"

"మీ బ్లాగులో ఉన్నవే. రోజుకు ఆరు చుక్కలు వేస్తే వారంలో అర కిలో పెరుగుతారని రాశారు కదా."

వారంలో అర కిలో అన్న మాట వినగానే మా ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "నేను రాయలేదు తల్లీ. నువ్వేమైనా తెప్పించావా? పాపకు వేశావా?"

"లేదమ్మా, ఇంకా లేదు. కానీ... మీరే కదమ్మా రాశారు? మీ పేరే ఉంది."

"వేయకు. ఒక్క చుక్క కూడా వేయకు. సోమవారం పాపను తీసుకుని నా దగ్గరికి రా. నేనే తూస్తాను."

ఫోన్ పెట్టేసి కంప్యూటరు తెరిచింది. బరువు పోస్టు చూస్తే అంతా మామూలుగానే ఉంది. చుక్కల్లేవు, లింకుల్లేవు. "ఆ పిల్ల ఇంకెవరి బ్లాగో చూసుంటుంది" అన్నాను నేను. ఆమె ఒప్పుకోలేదు. "మీ ఫోనివ్వండి" అంది. నా ఫోన్లో, మామూలు మనుషులు వెతికినట్టే, బరువు పెరగని పాప అని వెతికింది. మా ఆవిడ బ్లాగు పైనే వచ్చింది. నొక్కింది.

ఉంది. ఆమె రాసిన పోస్టు చివర, ఆమె రాసినట్టే, అదే అక్షరాల్లో ఒక పేరా. 'నా ఇరవై ఎనిమిదేళ్ల అనుభవంతో చెబుతున్నాను' అని మొదలైంది. కింద లింకు. ఇంకో పోస్టు తెరిచాం. అక్కడా అదే. మరొకటి, అక్కడా అదే. ఆమె తన ఖాతాతో చూస్తే కనపడకుండా, బయట నుంచి వెతికి వచ్చేవాళ్లకే కనిపించేలా దూర్చారని తర్వాత తెలిసింది.

ఆమెకు కోపం వస్తే అరవదు. చెవులు ఎర్రబడతాయి, అంతే. ఆ రోజు మెడ దాకా ఎర్రబడింది. "నా నోటితో అబద్ధం చెప్పించారండీ. అదీ పసిపిల్లల తల్లులకు" అంది.

వెంటనే తోడల్లుడికి ఫోన్ చేసింది. అతను స్పీకర్లో తాపీగా, "వదినా, కంగారు పడకు. మీరే ఏదో నొక్కకూడనిది నొక్కి ఉంటారు. వచ్చే ఆదివారం వచ్చి శుభ్రం చేసి పెడతాను. అప్పటిదాకా మూసేయకు మాత్రం. ఇన్నేళ్లకు నెట్టు వెతుకులాటలో పైకొచ్చింది, ఒక్కసారి మూస్తే మళ్లీ అడుక్కి పోతుంది" అన్నాడు.

"ఆదివారం దాకా ఎంతమంది చదువుతారు మరిదిగారూ?"

"రోజుకు ఓ వెయ్యి మంది."

"అయితే ఇప్పుడే మూస్తున్నా" అని పెట్టేసింది.

మూయడం ఎలాగో మా ఇద్దరికీ తెలియదు. బ్లాగును తమ కంప్యూటర్లలో ఉంచే కంపెనీ ఒకటుంది, హోస్టింగ్ కంపెనీ. దాని నంబరు పాత రసీదు మీద దొరికింది. అటువైపు ఒకమ్మాయి మాట్లాడింది. మా ఆవిడ ఆమెకు బ్లాగు సంగతి తర్వాత చెప్పింది, ముందు పసిపిల్లల సంగతి చెప్పింది. ఆ అమ్మాయి కూడా ఏ తల్లో ఏమో, ఇంక లైను వదల్లేదు. అరగంటలో మూడు వందల పన్నెండు పోస్టులూ మూతపడి, వాటి జాగాలో ఒకే ఒక్క పేజీ మిగిలింది. దాని మీద ఏం రాయాలో మా ఆవిడ ఆలోచించడానికి రెండు నిమిషాలు కూడా తీసుకోలేదు.

"నా పేరు వాడుకుని ఎవరో ఇక్కడ మందు రాశారు. అది నేను రాయలేదు. ఏ చుక్కలూ పిల్లలకు వేయకండి. వేసి ఉంటే ఆ సీసా పట్టుకుని ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నా ఇంటికి నేను సరిగ్గా తాళం వేసుకోలేదు. క్షమించండి. శుభ్రం చేశాకే మళ్లీ తెరుస్తాను."

సోమవారం అదే నోటీసును పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి, పెద్ద డాక్టరు సంతకం పెట్టించి, పిల్లల విభాగం తలుపు మీద అంటించింది. ఆ తల్లి పాపను తీసుకొచ్చింది. మా ఆవిడే తూచింది. పది రోజుల కిందటి తూకం కన్నా రెండు వందల పది గ్రాములు పెరిగింది, ఉత్త తల్లిపాలతో. ఈసారి పరిగెత్తాల్సిన పని లేదు, తల్లి పక్కనే ఉంది. అయినా మా ఆవిడ ఆ మాట గట్టిగా చెప్పిందట, వార్డంతా వినపడేలా. ఆ చుక్కలు తెప్పించుకున్నామని ఎవరూ రాలేదు. నెల్లాళ్ల పాటు మా ఆవిడ తలుపు చప్పుడైతే చాలు అటే చూసేది.

ఇంక దొంగ ఎలా వచ్చాడో తేల్చాలి. హోస్టింగ్ కంపెనీ అమ్మాయి ఒక జాబితా పంపింది. గత ఆరు నెలల్లో బ్లాగు లోపలికి ఎవరు, ఏ ఖాతాతో, ఎప్పుడు వచ్చారన్నది అందులో ఉంది. ముప్పై పేజీలు. మా ఆవిడ స్కేలు, ఎర్ర పెన్సిలు తీసుకుని ఉష్ణోగ్రత చార్టు చూసినట్టు వరస వరసా చూసింది. తాను ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న గంటల్ని పక్కన రాసుకుంది. రెండు సాయంత్రాలు పట్టింది. చివరికి ఒక వరస కింద గీత గీసి నా ముందు పెట్టింది.

"ఇది నా ఖాతా కాదండీ."

బ్లాగు పెట్టిన రోజున మా తోడల్లుడు తన కోసం కూడా ఒక ఖాతా పెట్టుకున్నాడు. మా ఆవిడ ఖాతాకున్న అధికారాలన్నీ దానికీ ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా అతను దాన్ని ముట్టుకోలేదు. ఉందన్న సంగతి కూడా మర్చిపోయాడు. సరిగ్గా ఐదు వారాల కిందట, మేం ఎప్పుడూ వినని ఊరి నుంచి ఎవరో ఆ ఖాతాతో దర్జాగా తలుపు తీసుకుని లోపలికొచ్చారు. కిటికీ పగలగొట్టలేదు, గోడ దూకలేదు.

నేను ఎగిరాను. "మీరే ఏదో నొక్కి ఉంటారు అన్నాడే! పద, వాళ్లింటికి వెళ్దాం. వాడి సంగతి తేలుస్తాను."

"మీరు రండి గానీ నోరు తెరవకండి" అంది.

వెళ్లాం. మా మరదలు టీ పెట్టింది. మా ఆవిడ కాగితం బల్ల మీద పరిచి, గీత గీసిన వరస చూపించింది. తోడల్లుడు కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాస్‌వర్డు ఏం పెట్టారు మరిదిగారూ?"

అతను నేల చూపులు చూశాడు. లోపల్నుంచి మా మరదలే జవాబిచ్చింది. "ఇంకేముంటుంది అక్కా, స్కూటరు నంబరు! అన్నిటికీ అదే. కరెంటు బిల్లుకు అదే, బట్టల షాపుకు అదే. స్కూటరు అమ్మేసి ఆరేళ్లయింది, నంబరు మాత్రం వదల్లేదు."

అతను ఎప్పుడో చేరిన ఒక చిన్న షాపింగు సైటు నుంచి పాస్‌వర్డులు దొంగలు ఎత్తుకుపోయారని, ఆ సైటువాళ్లు మెయిలు కూడా పంపారని అప్పుడు బయటపడింది. ఆ మెయిలు అతను తెరవనే లేదు. ఒక చోట దొరికిన తాళంచెవిని దొంగలు వేయి తలుపులకు పెట్టి చూస్తారు. మా తలుపు తెరుచుకుంది.

"నన్ను తిట్టు వదినా" అన్నాడు తల ఎత్తకుండా.

"వార్డులో పిల్లలకు ఇన్ఫెక్షన్ వస్తే ఎవరి వల్ల అని అరుచుకుంటూ కూర్చోం. ఎక్కడ నుంచి వచ్చిందో వెతికి ఆ దారి మూస్తాం. పదకొండేళ్లుగా లోపల ఎన్ని ఖాతాలున్నాయో నేనూ చూసుకోలేదు. రేపు సాయంత్రం ఆరింటికి రండి. పనుంది" అంది మా ఆవిడ.

నేను మాట ప్రకారం నోరు తెరవలేదు. టీ మాత్రం రెండు కప్పులు తాగాను.

మర్నాటి నుంచి మా ముందు గది గది కాదు, వర్క్‌షాపు. తోడల్లుడు ప్రెస్సు నుంచి నేరుగా వచ్చేవాడు. మా ఆవిడ అతన్ని చేయనివ్వలేదు. పక్కన కూర్చుని చెప్పమంది, తానే చేసింది. "మీరు చేసి వెళ్లిపోతే నాకు రాదు. నాకు రాకపోతే మళ్లీ ఇదే కథ" అని తెగేసి చెప్పింది. పాత బ్లాగును అడుగు నుంచి తుడిచేసి కొత్తగా పెట్టారు. ఏనాడో తగిలించిన చిన్న చిన్న ప్రోగ్రాములు, ప్లగిన్లు అంటారు, పదిహేడు బయటపడ్డాయి. గడియారం చూపించేదొకటి, మంచు కురిసినట్టు కనిపించేదొకటి. నాలుగేళ్లుగా వాటిని ఎవరూ అప్‌డేట్ చేయలేదు. ఎప్పుడు ఏ కన్నం పడుతుందో తెలియని గోడల్లాంటివవి. మూడు ఉంచి మిగతావన్నీ పీకేసింది. మంచు కురిసేది పోతుంటే తోడల్లుడు కాస్త బాధపడ్డాడు. అది అతని ముచ్చట.

పాస్‌వర్డుకు ఒకదానికొకటి సంబంధం లేని అయిదు మాటల్ని కలిపి పెట్టుకుంది. అవేంటో నాకీనాటికీ తెలియదు. అడిగితే, "ముప్పై ఏళ్ల కాపురం వేరు, పాస్‌వర్డు వేరు" అంది. దాని మీద రెండో తాళం ఒకటి: పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా, ఫోనుకు వచ్చే ఆరంకెలు కూడా కొడితేనే తలుపు తెరుచుకుంటుంది, పాస్‌వర్డు మార్చాలన్నా అంతే. తోడల్లుడి ఖాతా అతని చేతే తీయించింది. అతను ఆ బటను నొక్కుతుంటే ఉద్యోగంలోంచి తీసేసినట్టు ముఖం పెట్టాడు.

అసలు కష్టం పోస్టులది. ఏ పోస్టులో ఏం దూర్చారో కంప్యూటరు చెబుతుంది వదినా, ఒక్క నొక్కుతో ఏరిపారేద్దాం అన్నాడు అతను. ఏరించింది. నలభై ఏడు పోస్టుల్లో ఆ చుక్కల పేరా దొరికింది. అయినా ఆమెకు తృప్తి లేదు. "ఎక్కడైనా ఒక్క అంకె మార్చి ఉంటే? రెండు గంటలకోసారి అన్నచోట ఆరు గంటలకోసారి అని ఉంటే? అది యంత్రం ఎలా పట్టుకుంటుంది?"

అటక మీద నుంచి నోటుబుక్కులు దించింది. పద్నాలుగు. ముందు కాగితం మీద రాసి, డాక్టరు టిక్కు పెట్టించాకే టైపు చేసే అలవాటు ఆమె ఏనాడూ మానలేదు. ఇక నా వంతు. ట్రాఫిక్కులో అరిచి అరిచి సానపట్టిన గొంతు కదా నాది. తెర మీద ఉన్నది నేను పైకి చదవాలి. ఆమె నోటుబుక్కులో వేలు పెట్టి సరిచూసుకోవాలి. మూడు వందల పన్నెండు పోస్టులు, అక్షరం వదలకుండా. నేను "పాలు పట్టాక వెంటనే పడుకోబెట్టకూడదు" అని చదివితే, ఆమె "ఊఁ" అనేది. నాకు కునుకొస్తే "స్టాపు దాటిపోయింది" అనేది.

పదిహేను సాయంత్రాలు పట్టింది. చదువుతూ చదువుతూ నాకో సంగతి తెలిసొచ్చింది. పదకొండేళ్లు పక్కనే ఉండి కూడా నేను ఆ పోస్టులన్నీ ఎప్పుడూ చదవలేదు. నూట నలభై రెండో పోస్టు దగ్గర ఆగిపోయాను. పిల్లను ఇంటికి తీసుకెళ్లలేకపోయిన తల్లుల కోసం రాసింది అది. ఒక్క పేజీ. కుర్చీలోంచి లేచాను. మిగతాది తోడల్లుడు అందుకున్నాడు. అతనూ రెండు వాక్యాలే చదవగలిగాడు. ఆఖరి వాక్యాలు మా ఆవిడే, పుస్తకం చూడకుండా చెప్పింది.

దొంగలు అంకెలేవీ మార్చలేదని తేలింది. ఈ సరిచూడటంలో రెండు వేరే సంగతులు బయటపడ్డాయి. మొదటి రోజుల్లో పిల్లలకు స్నానం గురించి ఆమె రాసిన మాట ఇప్పుడు డాక్టర్లు చెబుతున్న పద్ధతికి సరిపడటం లేదు. అది ఆమె సొంత తప్పు. దిద్ది, దిద్దినట్టు తేదీ వేసి కింద రాసింది. ఇంకొకటి, ఎనిమిదో నోటుబుక్కులో మూడు పేజీలు తడిసి అక్షరాలు కలిసిపోయాయి. ఆ మూడు పోస్టులూ తెర మీద చూస్తే సబబుగానే ఉన్నాయి.

"పెట్టేయ్, నువ్వు రాసిందే కదా" అన్నాను.

"నేను రాశానని నాకు రుజువు లేదు. డాక్టరుగారు మళ్లీ చూసేదాకా అవి ఆగాల్సిందే."

తెరవడానికి ముందు రోజు నాకూ ఆమెకూ చిన్న మాటల యుద్ధం జరిగింది. జరిగిందంతా మొదటి పోస్టుగా రాస్తానంది. పాత ఖాతా, పాస్‌వర్డు, పదిహేడు ప్లగిన్లు, అన్నీ.

"ఎందుకే? పరువు పోతుంది. నోటీసు పెట్టావు, క్షమించమన్నావు, చాలదూ?" అన్నాను.

"బరువు పెరిగిన రోజే చార్టులో రాసి, తగ్గిన రోజు ఖాళీ వదిలేస్తే ఆ చార్టును నమ్ముతారా ఎవరైనా?" అంది.

కంప్యూటరు ముందు కూర్చుంది. రాసింది. 'మా ఇంట్లో వాడకుండా వదిలేసిన పాత ఖాతా ఒకటి' అని మాత్రమే రాసింది, ఎవరిదో రాయలేదు. మూసిన ఇరవై ఐదు రోజులకు, ఒక బుధవారం పొద్దున టిఫిను వేళకు, మూడు వందల తొమ్మిది పోస్టులతో బ్లాగు తెరిచింది.

మొదటి రోజు నూటపాతిక మంది వచ్చారు. తోడల్లుడు చెప్పినట్టే వెతుకులాటలో అడుక్కి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆమె డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే ఆ అంకె చూసుకునేది. నాకు ప్రాణం ఉసూరుమనేది. వారం తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. 'మీ పోస్టు చదివి నా పాస్‌వర్డులు మార్చుకున్నాను' అని ఒకరు. 'దాచకుండా చెప్పారు కాబట్టే మళ్లీ వచ్చాను' అని ఇంకొకరు. ఒక ఊళ్లో పిల్లల డాక్టరు ఆ బ్లాగు పేరును తన చీటీల వెనక ముద్ర వేయించుకున్నానని రాశాడు. నాలుగు నెలలకు మళ్లీ రోజుకు వెయ్యి, ఆపైన పన్నెండు వందలు. ఈలోగా తడిసిన మూడు పోస్టులనూ డాక్టరుగారు చూసి టిక్కు పెట్టారు. లెక్క నిండింది.

దొంగలు ఊరుకుంటారా? ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ తలస్నానానికి వెళ్లింది. ఆమె ఫోను బల్ల మీద టింగుమంది. ఆరంకెలు. వెంటనే ఫోన్ మోగింది. నేనెత్తాను. చాలా మర్యాదస్తుడు, హోస్టింగ్ కంపెనీ నుంచి అన్నాడు.

"సార్, మేడమ్‌గారి బ్లాగు మీద దాడి జరుగుతోంది. ఇప్పుడు వచ్చిన ఆరంకెలు చెబితే ఆపేస్తాం. పది నిమిషాలు దాటితే మొత్తం పోతుంది సార్."

నిజం చెప్పాలంటే నేను సగం నమ్మేశాను. నూట నలభై రెండో పోస్టు కళ్ల ముందు కదిలింది. అంకెలు నా ఎదురుగానే ఉన్నాయి. కానీ ఆ పదిహేను సాయంత్రాల్లో మా ఆవిడ నాకు నూరిపోసింది ఒక్కటే: అంకెలు ఎవరడిగినా చెప్పొద్దు, నేను బాత్రూములోంచి అరిచినా సరే చెప్పొద్దు.

"మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకుని వచ్చాక మాట్లాడండి" అన్నాను.

"అంత టైము లేదు సార్!"

"మాకు బోలెడుంది" అని పెట్టేశాను.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి, తన డైరీలో రాసుకున్న నంబరుకు తానే ఫోన్ చేసింది. మేం ఎవరికీ ఫోన్ చేయలేదమ్మా అన్నారు అటునుంచి. లోపల జాబితా చూసుకుంది. ఆ పొద్దున ఎవరో ఆమె పాస్‌వర్డు మార్చడానికి ముప్పై ఒక్క సార్లు ప్రయత్నించారు. ముప్పై ఒక్క సార్లూ తలుపు దగ్గరే ఆగిపోయారు. ఒక్క అక్షరం కదల్లేదు. అయినా పాస్‌వర్డు మార్చింది, బ్లాగు కాపీ ఒకటి తీసింది, ఆ కాపీ తెరిచి పని చేస్తోందో లేదో చూసుకుంది. అప్పుడు గానీ నా వైపు తిరగలేదు.

"బాగా చేశారు" అంది.

ప్రమాదం లేకుండా ఇరవై ఏళ్లు బస్సు నడిపినందుకు డిపోలో నాకు శాలువా కప్పారు. ఆ రోజు కూడా ఇంత పొంగిపోలేదు.

ఈ సంగతి ఆస్పత్రిలో పాకింది. ఆస్పత్రికీ ఓ పేజీ ఉంది, రక్తనిధికో పేజీ, రికార్డు గదికో పేజీ. వాటిని చూసుకునేవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పమని పెద్ద డాక్టరు మా ఆవిడను అడిగారు. రెండో అంతస్తులో మీటింగు గది. పద్నాలుగు మంది వచ్చారు. మా తోడల్లుడు ఎవరూ పిలవకపోయినా ప్రెస్సుకు సెలవు పెట్టి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను వెనక, తలుపు పక్కన నిలబడ్డాను.

తెల్ల యూనిఫారంలోనే ఉంది మా ఆవిడ, డ్యూటీ మధ్యలో వచ్చింది కాబట్టి. జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చింది. పాత ఖాతా దగ్గరికి వచ్చేసరికి రికార్డు గది గుమాస్తా అడ్డం వచ్చాడు. "అంత తెలివితక్కువ పాస్‌వర్డు పెట్టిన మహానుభావుడెవరమ్మా?" అన్నాడు. గది గొల్లుమంది.

మా ఆవిడ మాట దాటేయబోయింది. తోడల్లుడు లేచి నిలబడ్డాడు.

"నేనేనండీ. ఆ బ్లాగు పెట్టింది నేనే, దానికి కన్నం పెట్టింది కూడా నేనే. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల మధ్య బతుకుతున్నవాణ్ని. నన్ను చూసి నవ్వుకోండి, ఫరవాలేదు. ఇంటికెళ్లి మీవి కూడా ఒకసారి చూసుకోండి" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. గుమాస్తా జేబులో పెట్టుకున్న ఫోను మళ్లీ బయటికి తీశాడు. మా ఆవిడ తోడల్లుడి వైపు చూసిన చూపు నేను వెనక నుంచి కూడా పట్టుకోగలిగాను. సొంత తమ్ముణ్ని చూసినట్టు చూసింది.

"మరిదిగారూ, మీరు ఇటు రండి. ఖాతాలు లెక్కపెట్టడం ఎలాగో మీరు చూపించండి. నేను ప్లగిన్లు చెబుతాను" అంది.

గంట అనుకున్నది రెండున్నర గంటలైంది. రక్తనిధి పేజీలో ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్ల ఖాతాలు తొమ్మిది దొరికాయి. ఒక్కొక్కటే తీసేస్తుంటే అందరూ పైకి లెక్కపెట్టారు. ఆఖర్న వార్డు నుంచి కబురొచ్చింది, కొత్తగా ఒక పాప వచ్చింది, పదకొండు వందల గ్రాములని. మా ఆవిడ మాట మధ్యలో వదిలేసి, "మిగతాది మా మరిదిగారు చెబుతారు" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. తోడల్లుడు గొంతు సవరించుకుని అందుకున్నాడు. ఆ గదిలో ఒక్కరు కూడా కదల్లేదు.